సివిల్ దావాకు గడువు ఎంత? 1859 నుంచి నేటి వరకు

2024 జులై 1న మన దేశంలో మూడు పెద్ద చట్టాలు ఒకేసారి మారాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తప్పుకొని వాటి స్థానంలో కొత్త సంహితలు వచ్చాయి. వలస పాలన నాటి చట్టాలకు కాలం చెల్లిందని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. కానీ వలస పాలన నాటిదే అయిన ఒక పెద్ద చట్టం మాత్రం ఇంకా కదలలేదు. అది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్. అన్నదమ్ముల ఆస్తి పంపకం, పొలం గట్టు తగాదా, ప్రామిసరీ నోటు బాకీ, అద్దె ఇంటి ఖాళీ వంటి తగవులు కోర్టుకు వెళితే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో ఈ కోడే చెబుతుంది.

పేరు మారకపోయినా దాని లోపల ఎన్నో మార్పులు జరిగాయి. ముఖ్యంగా గత పాతికేళ్లలో జరిగిన మార్పులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఒక దావా ఎంతకాలంలో తేలాలి? గడువు పెడితే అది నిలబడుతుందా? నిలబెడితే ఎవరికి న్యాయం, ఎవరికి అన్యాయం? ఈ పాఠంలో ఆ ప్రశ్న చరిత్రను పరిశీలిద్దాం.

దావా నడిచే దారి

ముందుగా ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతుకు రెండెకరాల పొలం ఉంది. పక్క రైతు అందులో అర ఎకరం ఆక్రమించాడు. మొదటి రైతు కోర్టులో దావా వేశాడు. ఇతడు వాది, రెండోవాడు ప్రతివాది. ఆ తర్వాత ఐదు దశలు ఉంటాయి. మొదటిది, ప్రతివాదికి సమన్లు అందాలి. రెండోది, అతడు తన జవాబును రాతపూర్వకంగా దాఖలు చేయాలి. దీన్నే రిటన్ స్టేట్‌మెంట్ అంటారు. మూడోది, తగవులో తేల్చవలసిన అంశాలను కోర్టు నిర్ణయించి ఇరుపక్షాల సాక్ష్యం నమోదు చేయాలి. నాలుగోది, వాదనలు విని తీర్పు చెప్పి డిక్రీ ఇవ్వాలి. ఐదోది, ఆ డిక్రీ అమలై అర ఎకరం తిరిగి వాది స్వాధీనంలోకి రావాలి. మధ్యలో అప్పీళ్లు ఉంటే ఈ దారి ఇంకా పొడుగవుతుంది.

ఒక గొట్టంలో ఎంత నీరు పారుతుందో దానిలోని ఇరుకైన చోటు నిర్ణయిస్తుంది. మిగతా భాగాన్ని ఎంత వెడల్పు చేసినా ఆ ఇరుకు అలాగే ఉంటే ఫలితం పెద్దగా ఉండదు. సివిల్ దావాల సంస్కరణల చరిత్ర చదివేటప్పుడు ఈ చిన్న సూత్రం గుర్తుంచుకోండి. ప్రతి సంస్కరణ ఏ దశను వెడల్పు చేసింది, ఏ దశను వదిలేసింది అని అడుగుతూ పోదాం.

ఒక దేశానికి ఒక పద్ధతి

ఈస్టిండియా కంపెనీ కాలంలో సివిల్ కోర్టుల పద్ధతి అంతటా ఒకటిగా లేదు. బెంగాల్‌లో 1793 నాటి కారన్‌వాలిస్ రెగ్యులేషన్లు, మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి రెగ్యులేషన్లు అమలయ్యేవి. మన కోస్తా జిల్లాల్లో జిల్లా కోర్టులు మద్రాసు రెగ్యులేషన్ల కిందే ఏర్పడ్డాయి. ఈ వేర్వేరు పద్ధతుల స్థానంలో ఒకే విధానం తేవడానికి 1859లో 8వ చట్టంగా మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. దాన్ని 1877లో, మళ్లీ 1882లో తిరగరాశారు. నాలుగోసారి రాసిన 1908 కోడ్ 1909 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ వంటి పూర్వ సంస్థానాల ప్రాంతాలకు అది విస్తరించింది స్వాతంత్ర్యం తర్వాత, 1951 ఏప్రిల్ 1 నుంచి.

చట్టం ఇంగ్లీషులో రాసినా కోర్టు ఆవరణలో మాటలు పాతవే మిగిలాయి. దావా, వకాల్తా, జప్తు, అమీనా అనేవి అరబ్బీ, పారశీక భాషల నుంచి పరిపాలన ద్వారా తెలుగులోకి వచ్చిన మాటలు. వాయిదా కూడా అలాంటిదే. దాని మూలంలో ఉన్న అరబ్బీ మాటకు మాట ఇవ్వడం, వాగ్దానం అని అర్థం. ఫలానా రోజు తప్పక వస్తానని చెప్పే మాట, కాలక్రమంలో ఆ రోజును వెనక్కి నెట్టే మాటగా మారింది. సివిల్ కోర్టుల కథ సగం ఈ ఒక్క మాటలో ఉంది.

1908 కోడ్ నిర్మాణంలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. మూల సూత్రాలను 158 సెక్షన్లలో ఉంచారు. రోజువారీ వివరాలను ఆర్డర్లు, రూల్స్ పేరుతో షెడ్యూల్‌లో పెట్టారు. ఈ రూల్స్‌ను తమ ప్రాంత అవసరాలను బట్టి మార్చుకునే అధికారం హైకోర్టులకు ఇచ్చారు. కోడ్ ఇంతకాలం నిలవడానికి ఇదొక ముఖ్య కారణం. కానీ ఆలస్యం సమస్య మాత్రం మొదటి నుంచీ ఉంది. భారతదేశంలో డిక్రీ చేతికి వచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే వ్యాఖ్యానించింది. 1924లో జస్టిస్ రాంకిన్ అధ్యక్షతన నియమించిన సివిల్ జస్టిస్ కమిటీ కూడా పేరుకుపోయిన పాత కేసులను తగ్గించకుండా పద్ధతులు ఎంత మెరుగుపరచినా అది ఆశ చూపించడమే అవుతుందని 1925 నివేదికలో హెచ్చరించింది.

1976 నుంచి 2002 దాకా

స్వాతంత్ర్యం తర్వాత లా కమిషన్ ఈ కోడ్‌ను పలుమార్లు పరిశీలించింది. ఆ సిఫారసుల ఫలితంగా 1976లో పెద్ద సవరణ వచ్చి 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. సమన్లను కోర్టు బంట్రోతుతో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపే ఏర్పాటు అప్పుడు వచ్చింది. రెండో అప్పీలు వేయాలంటే ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉండాలని నియమం పెట్టారు. అయితే జవాబు దాఖలుకు కచ్చితమైన రోజుల లెక్క అప్పటికీ లేదు. మొదటి విచారణ నాటికి, లేదా కోర్టు అనుమతించిన గడువులోగా వేయవచ్చు. ఆచరణలో ఆ అనుమతి వాయిదా మీద వాయిదాగా సాగేది.

దీన్ని మార్చడానికి పార్లమెంటు 1999లో మరో సవరణ చేసింది. అందులో జవాబుకు 30 రోజుల గడువు పెట్టారు. న్యాయవాదుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మారుమూల గ్రామంలోని ప్రతివాదికి సమన్లు అంది, అతడు ప్లీడరును చూసుకొని, పాత దస్తావేజులు వెదికి తెచ్చేసరికే 30 రోజులు దాటిపోతాయని వారి వాదన. ప్రభుత్వం చట్టాన్ని వెంటనే అమలు చేయలేదు. 2002లో మరో సవరణ చేసి, 30 రోజుల్లో వేయలేకపోతే కారణాలు రాసి 90 రోజుల వరకు అనుమతించవచ్చని మార్చింది. ఈ రెండు సవరణలూ 2002 జులై 1న కలిసి అమల్లోకి వచ్చాయి.

ఈ సవరణలు ఇంకా చాలా చేశాయి. విచారణ కాలంలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదన్నాయి. సాక్షి ప్రధాన వాంగ్మూలాన్ని కోర్టు హాలులో చెప్పించే బదులు అఫిడవిట్‌గా దాఖలు చేయమన్నాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌ను కోర్టు నియమించిన కమిషనర్ కూడా నమోదు చేయవచ్చన్నాయి. వాదనలు ముగిశాక మామూలుగా 30 రోజుల్లో, అసాధారణ పరిస్థితుల్లో 60 రోజుల్లో తీర్పు చెప్పాలన్నాయి. 25,000 రూపాయలు మించని డబ్బు వసూలు దావాల్లో రెండో అప్పీలు తీసేశాయి. మన ఐదు దశల్లో మొదటి నాలుగింటికి ఇలా గడియారం బిగించారు.

90 రోజులు దాటితే?

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు వచ్చాం. ప్రతివాది 91వ రోజు జవాబు తెస్తే కోర్టు ఏం చేయాలి? తీసుకోకపోతే అతడి వైపు కథ వినకుండానే దావా తేలిపోవచ్చు. తీసుకుంటే గడువుకు అర్థం ఏమిటి?

ఈ సవరణల రాజ్యాంగబద్ధతను తమిళనాడులోని సేలం న్యాయవాదుల సంఘం సుప్రీంకోర్టులో ప్రశ్నించింది. 2002 అక్టోబరులో కోర్టు సవరణలను సమర్థించింది. అమలులోని చిక్కులు పరిశీలించడానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారే. 2005 ఏప్రిల్‌లో కైలాష్ వర్సెస్ నన్కూ అనే ఎన్నికల వివాదంలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. 90 రోజుల గడువు ప్రతివాదిని త్వరపెట్టడానికే గాని కోర్టు చేతులు కట్టేయడానికి కాదని తేల్చింది. విధానం న్యాయానికి పరిచారిక, యజమానురాలు కాదు అన్నది ఆ తీర్పు సారం. అయితే గడువు దాటాక అనుమతి అలవాటుగా ఇవ్వకూడదని, అసాధారణ కారణం చూపాలని కూడా చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో సేలం కేసు రెండో తీర్పు కూడా ఇదే దారిలో నడిచింది. మూడు వాయిదాల నియమాన్ని సైతం, పక్షం చేతిలో లేని పరిస్థితులకు వర్తించకుండా సడలించి చదివింది.

ఈ తీర్పులు సబబేనా? తడబడి ఆలస్యం చేసేది తరచుగా న్యాయవాది. శిక్ష పడేది కక్షిదారుకు. చదువురాని ఒక ప్రతివాది తన ప్లీడరు జాప్యం వల్ల ఇల్లు పోగొట్టుకుంటే దాన్ని వేగవంతమైన న్యాయం అనలేం. మరోవైపు మన ఉదాహరణలోని వాది గురించి కూడా ఆలోచించండి. ప్రతివాది ఆలస్యం చేసిన ప్రతి నెలా అర ఎకరం పంట అతడి ఇంటికే పోతుంది. సడలింపు ఒకరికి రక్షణ, మరొకరికి నష్టం. ఈ రెండింటి మధ్య నిలబడే గీతను చట్టం ఒక అంకెతో గీయాలని చూసింది, కోర్టు దాన్ని విచక్షణతో గీసింది.

రెండు గడియారాలు

పదేళ్ల తర్వాత పార్లమెంటు మరో ప్రయోగం చేసింది. 2015లో వాణిజ్య కోర్టుల చట్టం తెచ్చి వ్యాపార వివాదాలను వేరు చేసింది. మొదట కోటి రూపాయలు, ఆపై విలువ ఉన్న వివాదాలకే వర్తించిన ఈ చట్టాన్ని 2018లో 3 లక్షల రూపాయల స్థాయికి దించారు. ఇందులో జవాబుకు 30 రోజులు, కారణాలు చూపితే సమన్లు అందిన నాటి నుంచి మొత్తం 120 రోజులు. అది దాటితే ప్రతివాది హక్కు కోల్పోతాడని, కోర్టు దాన్ని తీసుకోరాదని చట్టంలోనే స్పష్టంగా రాశారు. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో ఈ గడువు తప్పనిసరి అని చెప్పింది. 2020 జనవరిలో మరో కేసులో, సాధారణ దావాలకు మాత్రం పాత సడలింపే వర్తిస్తుందని స్పష్టం చేసింది.

అంటే ఒకే కోడ్ కింద ఇప్పుడు రెండు గడియారాలు నడుస్తున్నాయి. 4 లక్షల రూపాయల సరుకు బాకీ మీద వ్యాపారి వేసిన దావాకు కఠినమైన గడియారం. 40 లక్షల విలువైన పొలం మీద రైతు వేసిన దావాకు మెత్తని గడియారం. వ్యాపారికి న్యాయవాదులు, లెక్కల పుస్తకాలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి కఠిన గడువు అన్యాయం కాదని ఒక సమర్థన. కానీ ఎదురుచూపు భారం ఎక్కువగా పడేది రైతు మీదే కదా అన్నది ఎదురు ప్రశ్న.

కరోనా కాలంలో ఒక అరుదైన సంఘటన జరిగింది. గడువులన్నీ దాటిపోతున్నాయని గమనించిన సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. చివరికి 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని కాలపరిమితి లెక్క నుంచి మినహాయించింది. దేశమంతటా కోర్టు గడియారం ఒకేసారి ఆగిందన్నమాట.

కోర్టు బయట దారి

కేసులను కోర్టు బయటే ముగించాలన్నది మరో మార్గం. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చాక లోక్ అదాలత్‌లకు చట్టబద్ధత వచ్చింది. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. 1999 సవరణ కోడ్‌లో 89వ సెక్షన్ చేర్చి, రాజీకి అవకాశం ఉన్న దావాలను ఆర్బిట్రేషన్, మీడియేషన్, లోక్ అదాలత్ వంటి మార్గాలకు పంపమంది. ఆ సెక్షన్ ముసాయిదాలో రెండు నిర్వచనాలు తారుమారయ్యాయని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించి సరిచేసి చదివింది. చట్టం రాసేటప్పుడు దొర్లిన చిన్న పొరపాటును దిద్దడానికి, అది అమల్లోకి వచ్చిన 2002 నుంచి లెక్కించినా ఎనిమిదేళ్లు పట్టింది. 2018 నుంచి అత్యవసర ఉత్తర్వు అవసరం లేని వాణిజ్య దావాలకు ముందుగా మీడియేషన్ ప్రయత్నించాలన్న నియమం వచ్చింది. అది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో పార్లమెంటు మీడియేషన్‌కు ప్రత్యేక చట్టమే చేసింది.

రాజీ మంచిదే. కానీ కోర్టులో ఎంతకాలం పడుతుందో అన్న భయంతో బలహీనుడు తన హక్కులో సగం వదులుకుంటే అది రాజీ కాదు, లొంగుబాటు. అందువల్ల కోర్టు దారి చక్కగా నడిచినప్పుడే బయటి దారి కూడా న్యాయంగా ఉంటుంది.

గెలిచిన తర్వాత

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు అంటారు. ఐదో దశను చూస్తే ఈ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. డిక్రీ అనేది కాగితం. పొలం స్వాధీనం కావాలంటే వాది మళ్లీ అమలు పిటిషన్ వేయాలి. దీనికి 12 ఏళ్ల గడువు ఉంది. డిక్రీ అమలును వివరించే 21వ ఆర్డర్ కోడ్‌లో అన్నిటికంటే పొడవైనది, అందులో 106 రూల్స్ ఉన్నాయి. అమీనా పొలానికి వెళితే మూడో వ్యక్తి ఎవరో వచ్చి ఇది నాది అంటాడు. దానిపై మళ్లీ విచారణ. 1999, 2002 సవరణలు మొదటి నాలుగు దశలకు బిగించిన గడియారం ఇక్కడ లేదు. గొట్టంలో ఇరుకైన చోటు ఇలా మిగిలిపోయింది.

2021 ఏప్రిల్‌లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఈ లోటు పూడ్చే ప్రయత్నం చేసింది. అమలు పిటిషన్ దాఖలైన ఆరు నెలల్లో ముగియాలని, ఆలస్యమైతే కారణాలు రాయాలని ఆదేశించింది. ఆస్తిలో మూడో వ్యక్తులకు హక్కులున్నాయేమో దావా దశలోనే విచారించమంది. 2025 మార్చిలో పెరియమ్మాళ్ కేసులో హైకోర్టులన్నీ పెండింగ్ లెక్కలు తెప్పించుకొని ఆరు నెలల్లో వాటిని తేల్చేలా చూడాలని చెప్పింది. అక్టోబరు నాటికి వచ్చిన లెక్కల ప్రకారం ఆ ఆరు నెలల్లో సుమారు 3.38 లక్షల పిటిషన్లు తేలాయి. ఇంకా 8.82 లక్షలు మిగిలాయి.

ఈ అంకెలతో చిన్న లెక్క చేద్దాం. ఆరు నెలలకు 3.38 లక్షల చొప్పున 8.82 లక్షలు తేలాలంటే దాదాపు 16 నెలలు కావాలి. అదీ ఈలోగా ఒక్క కొత్త పిటిషన్ కూడా రాకపోతేనే. తొట్టిలో నీటి మట్టం తగ్గాలంటే బయటికి పోయే నీరు లోపలికి వచ్చే నీటి కంటే ఎక్కువ ఉండాలి. 1925లో రాంకిన్ కమిటీ చెప్పిందీ ఇదే.

లెక్క కనిపించడం మొదలైంది

పూర్వం ఏ కోర్టులో ఎన్ని దావాలు ఎన్నేళ్లుగా ఉన్నాయో మామూలు పౌరుడికి తెలిసే వీలు లేదు. 2007లో మొదలైన ఇ-కోర్టుల పథకం దీన్ని మార్చింది. 2015 సెప్టెంబరు 19న జాతీయ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2023లో 7,210 కోట్ల రూపాయలతో పథకం మూడో దశకు కేంద్రం ఆమోదం తెలిపింది. నేడు జిల్లా, కింది స్థాయి కోర్టుల్లో కోటికి పైగా సివిల్ కేసులు పెండింగ్‌లో ఉన్నాయని ఆ గ్రిడ్ చూపుతోంది.

కానీ కంప్యూటర్ ఆలస్యాన్ని కొలవగలదు, తీర్పు చెప్పలేదు. 1987లో లా కమిషన్ తన 120వ నివేదికలో పది లక్షల జనాభాకు 10.5 మంది న్యాయమూర్తులు మాత్రమే ఉన్నారని, ఆ సంఖ్యను 50కి పెంచాలని సూచించింది. 2002లో సుప్రీంకోర్టు కూడా ఐదేళ్లలో దాన్ని సాధించమని ఆదేశించింది. అదే ఏడాది 30 రోజులు, 90 రోజుల గడువులు అమల్లోకి వచ్చాయని గుర్తు చేసుకోండి. గడువులు వెంటనే వచ్చాయి. న్యాయమూర్తులు రాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం చూస్తే మంజూరైన పోస్టులే నేటికీ పది లక్షలకు 21 దగ్గర ఉన్నాయి. వాటిలోనూ ఖాళీలున్నాయి.

ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసింది ఇది. గడువు అనేది చట్టం ఇచ్చే మాట. దాన్ని నిలబెట్టే మనుషులు లేకపోతే అది సలహాగా మిగులుతుంది. పరిస్థితి చూడకుండా నిలబెడితే ఒక్కోసారి అన్యాయమవుతుంది. వాయిదా అనే మాటకు ఒకప్పుడున్న వాగ్దానం అర్థం తిరిగి రావాలంటే ఐదో దశ దాకా దారి వెడల్పు కావాలి. అందరికీ అందుబాటులో ఉన్న ఆ డేటా గ్రిడ్‌లో మీ జిల్లా పేరు తెరిచి చూడండి. పదేళ్లు దాటిన సివిల్ దావాలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. ఆ వరుసలోని ప్రతి అంకె వెనుక ఒక అర ఎకరం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఉన్నాడు.